వెన్నుపాము గాయాలు: మన డబ్బు దేనికిస్తే మేలు?

వైజాగ్‌లో ఎవరికైనా వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోతే వాట్సాప్‌లో తిరిగే విన్నపం తరచూ ఒకటే: స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌కి ఇన్ని లక్షలు కావాలి, తలో చెయ్యీ వెయ్యండి అని. దానికి మాత్రం ఇవ్వకండి. క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొత్త వైద్యాన్ని మనుషుల మీద పద్ధతిగా పరీక్షించేటప్పుడు తప్ప, ఈ గాయాలకి స్టెమ్ సెల్స్ ఎక్కించకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది, ట్రయల్ అయితే రోగి దగ్గర ఆ డబ్బు తీసుకోకూడదు కూడా. ఇల్లు తాకట్టు పెట్టించి ఆశ అమ్మడం ఘోరం.

మిగిలినవి రెండు. ఒకటి పరిశోధన. ఆస్ట్రియాలో 2004లో మొదలైన వింగ్స్ ఫర్ లైఫ్ అనే సంస్థ ఏటా మే నెలలో ఒక పరుగు కార్యక్రమం నిర్వహిస్తుంది, కట్టిన ఫీజు మొత్తం వెన్నుపాము పరిశోధనకే పోతుంది. వాళ్ల యాప్ ఉంటే మన బీచ్ రోడ్డు మీదే పరిగెత్తొచ్చు, ప్రపంచమంతా ఒకేసారి మొదలుపెడతారు కాబట్టి మనకి సాయంత్రం నాలుగున్నర, ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలుసు, నీళ్లు మర్చిపోవద్దు. ఫలితం తొందరగా కనిపించదు. 2011లో సైకిల్ ప్రమాదంలో దెబ్బతిన్న గెర్ట్ యాన్ ఓస్కమ్ అనే ఆయనకి స్విట్జర్లాండ్‌లో మెదడులోనూ వెన్నులోనూ పరికరాలు అమర్చి, ఆయన తలుచుకుంటే కాళ్లు కదిలేలా చేశారు. ఆ ఫలితాలు 2023లో గానీ బయటికి రాలేదు. తెగిన నరాల్ని అతికించలేదు, సంకేతానికి దారి మార్చారంతే. అయినా చేతికర్రలతో నడిచాడు!

రెండోది, ఇవాళ మంచం మీదున్న మనిషి. పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రయినా సరే. నాకు తెలిసిన ఒకింట్లో అక్క అలారం పెట్టుకుని లేచి తమ్ముణ్ణి తిప్పి, మోకాళ్ల మధ్య దిండు సర్ది, నడుం కింద చర్మం ఎర్రబడిందేమో సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తుంది. ఎయిర్ బెడ్, క్యాథెటర్లు (మూత్రం గొట్టాలు), ఫిజియోథెరపీ, ఈ ఖర్చులకి నెలనెలా డబ్బు కావాలి, కానీ వీటికోసం ఎవరూ పోస్టు పెట్టరు.

మీకు తెలిసినవాళ్లు ఇలా ఉంటే నేనైతే ముందు వాళ్లకే ఇమ్మంటాను. పుళ్లు పడి, కీళ్లు బిగుసుకుపోతే రేపు మంచి వైద్యం వచ్చినా అందుకునే స్థితిలో ఉండరు. అలా తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే మాత్రం సందేహం లేకుండా పరిశోధనకే, ఎందుకంటే దానికోసం మన గుమ్మంలోకి వచ్చి అడిగేవాళ్లు లేరు. మే నెలలో పరిగెత్తాలనుకునేవాళ్లు చెప్పండి, కాళీమాత గుడి దగ్గర కలుద్దాం. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లూ రావచ్చు.