నీటికి 588 కలిపితే నిప్పు: హంగుల్ లెక్కతో నా మూడేళ్ల అనుభవం

కొరియన్ భాషలో నీటిని ముల్ అంటారు, నిప్పును బుల్ అంటారు, కొమ్మును ప్పుల్ అంటారు. కంప్యూటర్ లెక్కలో ముల్ అనే అక్షరం సంఖ్య 47932. దానికి 588 కలిపితే 48520 వస్తుంది, అది బుల్; మరో 588 కలిపితే 49108 వస్తుంది, అది ప్పుల్. ఈ మూడు సంఖ్యలూ స్ప్రెడ్‌షీట్‌లో ఒకదాని కింద ఒకటి నిలబడిన రాత్రి నాకు కలిగిన సంతోషం మూడేళ్లు గడిచినా తగ్గలేదు. ఈ సమీక్ష రాయడానికి అదే కారణం.

కొరియన్ లిపి పేరు హంగుల్. అందులో హల్లునూ అచ్చునూ ఒకే గడిలో ఎలా పేర్చుతారో కొరియన్ నేర్చుకునే వారందరికీ మొదటి వారంలోనే తెలుస్తుంది కనుక ఆ వివరాలు విడిచిపెడుతున్నాను. లెక్కకు కావలసింది కొంచెమే. తొలి హల్లులు 19, అచ్చులు 21, గడి అడుగున వచ్చే హల్లులు, అంటే బాచ్చిమ్‌లు, 27. బాచ్చిమ్ లేకపోవడాన్ని కూడా ఒక స్థానంగా ఎంచి దానికి సున్నా ఇచ్చారు కనుక అవి 28 అయ్యాయి. మూడింటినీ గుణిస్తే 11172 అక్షరాలు. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్‌లో సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్; 1996లో వచ్చిన దాని 2.0 రూపం నుంచి ఇవన్నీ 44032 దగ్గర మొదలై ఒక్క ఖాళీ కూడా లేకుండా వరుసగా ఉన్నాయి. హల్లులకూ అచ్చులకూ వరుస సంఖ్యలు సున్నా నుంచే మొదలవుతాయి. తొలి హల్లు సంఖ్యను 588తోనూ (21ని 28తో గుణిస్తే వచ్చేది), అచ్చు సంఖ్యను 28తోనూ గుణించి, బాచ్చిమ్ సంఖ్యనూ 44032నూ కలిపితే అక్షరం చేతికి వస్తుంది. హంగుల్ అన్న మాటలోని 'హన్' అక్షరానికి హల్లు 18, అచ్చు 0, బాచ్చిమ్ 4, మొత్తం 54620.

మనం 'గుణింతం' అని పిలిచే మాటలోనే గుణించడం ఉంది. అయినా కంప్యూటర్‌లో మన 'కి' అనే అక్షరం ఒక సంఖ్య కాదు, 3093 పక్కన 3135 పెట్టిన జంట. 'స్త్రీ' అని రాయాలంటే ఆరు సంఖ్యలు కావాలి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన గుణింతం నిజంగా గుణకారంగా మారడాన్ని నేను చూసింది హంగుల్‌లోనే.

ఈ పద్ధతిలో నన్ను పూర్తిగా గెలుచుకున్నది కూడిక కాదు, భాగహారంలో మిగిలే శేషం. అక్షరం సంఖ్య నుంచి 44032 తీసివేసి 28తో భాగిస్తే, శేషం సున్నా అయినప్పుడు ఆ అక్షరానికి బాచ్చిమ్ లేదు, లేకపోతే ఉంది. కొరియన్ రాసేవారికి ఇది ఎంత అవసరమో చెప్పాలంటే మన 'కి', 'కు' గుర్తు చేయాలి. మనం ఊరికి అంటాం, చెట్టుకు అంటాం. చివరి అచ్చును బట్టి ప్రత్యయం మారుతుంది. వారికీ అంతే, కాకపోతే వారు చూసేది బాచ్చిమ్‌ను. వాక్యం దేని గురించో చెప్పే ప్రత్యయం, పదం హల్లుతో ముగిస్తే 'ఉన్', అచ్చుతో ముగిస్తే 'నున్'. మన 'ను' వంటి ప్రత్యయం కూడా అలాగే 'ఉల్', 'రుల్'. పెనుకొండ ప్రాంతంలో కారు విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో కొరియన్ ఉత్తరాలు సిద్ధం చేయడం నా పని. పేర్ల వరుస ఇచ్చి ఒక్క సూత్రం రాస్తే ప్రతి పేరుకూ సరైన ప్రత్యయం అంటుకుంటూ పోయేది. మొదటి ఏడాది ఎవరు అడిగినా ఈ లెక్క తప్పదని హామీ ఇచ్చేవాణ్ని.

రెండవ ఏడాది ఆ హామీ నిలవలేదు. నమూనాలు పంపే ఊళ్లకు 'ఫలానా ఊరికి' అనే అర్థంలో 'రో' గానీ 'ఉరో' గానీ చేర్చవలసి వచ్చింది. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది: బాచ్చిమ్ లేకపోతే 'రో', ఉంటే 'ఉరో', కానీ ఆ బాచ్చిమ్ లకారమైతే మళ్లీ 'రో'. లకారం సంఖ్య 8 కనుక, శేషం 0 లేదా 8 అయితే 'రో' అని సూత్రం సరిచేసుకున్నాను. గ్వాంగ్జురో, సియోల్లో (రాతలో లకారం తరువాత 'రో'), బుసానురో అని సరిగానే వచ్చాయి. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు.

ఒక రోజు ఊళ్ల పేర్లను నేను టైపు చేయకుండా, వేరే రకం కంప్యూటర్ నుంచి వచ్చిన ఫైళ్ల పేర్లలోంచి ఎత్తి పెట్టాను. ఉత్తరాలు అచ్చు వేసి ఇచ్చాను. మా బుజాంగ్‌నిమ్ (అంటే విభాగాధిపతి గారు, ఆ 'నిమ్' మన 'గారు' వంటిదే) మొదటి కాగితం దగ్గరే ఆగి, గ్వాంగ్జు పక్కన 'ఉరో' ఎందుకు ఉందని అడిగారు. సియోల్ పక్కనా అదే తప్పు. బుసాన్ ఒక్కటే సరిగా ఉంది. ఆ ఒక్క సరైన పేరే నన్ను ఎక్కువ దారి తప్పించింది. సూత్రం మొత్తం చెడిపోతే వెంటనే పట్టుకునేవాణ్ని, కానీ కొన్ని సరిగా, కొన్ని తప్పుగా రావడంతో తప్పు సూత్రంలో ఉందా పేర్లలో ఉందా అన్నది తేలలేదు. తెర మీద అక్షరాలు ఎప్పటిలాగే కూడి కనిపిస్తున్నాయి. చివరికి పదం పొడవు లెక్కించే ఫంక్షన్ నిజం చెప్పింది: రెండు అక్షరాల గ్వాంగ్జుకు పొడవు 5 అని చూపింది.

అంటే ఆ ఫైళ్ల పేర్లలో అక్షరాలు కూడి లేవు. హల్లు, అచ్చు, బాచ్చిమ్ విడివిడిగా నిల్వ అయి, తెర మీద మాత్రమే ఒక గడిగా కనిపిస్తున్నాయి. విడి అచ్చుల సంఖ్యలు 4449 దగ్గర మొదలవుతాయి. వాటిలోంచి 44032 తీసివేస్తే రుణసంఖ్య వస్తుంది, దాని శేషానికి ఏ అర్థమూ ఉండదు. గ్వాంగ్జు చివరి అచ్చుకు శేషం 22 వచ్చింది, కనుక సూత్రం దానికి బాచ్చిమ్ ఉందనుకుంది. సియోల్ చివరి లకారానికి 8 రావలసిన చోట 3 వచ్చింది. బుసాన్‌కు 27 వచ్చింది; అక్కడ సున్నా, ఎనిమిది కాని ఏ సంఖ్య అయినా సరిపోతుంది కనుక పొరపాటున ఒప్పయింది.

మందు కూడా అదే లెక్కలో దొరకడం నాకు ఇప్పటికీ ఆనందం కలిగించే విషయం. విడి హల్లులోంచి 4352, విడి అచ్చులోంచి 4449, విడి బాచ్చిమ్‌లోంచి 4519 తీసివేస్తే వాటి వరుస సంఖ్యలు వస్తాయి. వాటిని మళ్లీ 588తో, 28తో గుణించి కూడితే చెదిరిన అక్షరం ఒక్కటవుతుంది. ఆ సాయంత్రం చెదిరిన పేర్లన్నీ ఇలాగే కూర్చి, ఉత్తరాలు మళ్లీ అచ్చు వేసి ఇచ్చాను. ఇప్పుడు ఏ జాబితా వచ్చినా, సంఖ్య 44032కూ 55203కూ మధ్య ఉందో లేదో చూసే నిలువు వరుస ఒకటి ముందు పెట్టుకుంటున్నాను. పేరు అంకెతోనో ఇంగ్లీషు అక్షరంతోనో ముగిస్తే ఆ వరుస ఎర్రబడుతుంది. అక్కడ ప్రత్యయం నిర్ణయించేది ఉచ్చారణ కనుక చేత్తోనే రాస్తాను.

మరో రెండు మాటలు కూడా చెప్పాలి. ఒకే హల్లుకు పైన ఒక సంఖ్య, అడుగున మరో సంఖ్య ఉండడం నన్ను చాలాకాలం కష్టపెట్టింది: నకారం పైన 2, అడుగున 4, హకారం పైన 18, అడుగున 27. అడుగున సున్నా బాచ్చిమ్ లేని స్థానానికి పోవడం, రెండు హల్లులు కలిసిన జంట బాచ్చిమ్‌లు మధ్యలో చేరడం వంటి వాటి వల్ల వచ్చిన తేడా అది, తప్పేమీ కాదు, కానీ కంఠస్థం చేయక తప్పదు. ఇక నేను మొదట చెప్పిన నీరు, నిప్పు, కొమ్ముల వరుస దక్షిణ కొరియా అక్షరక్రమం ఇచ్చిన కానుక. ఉత్తర కొరియా క్రమంలో 'ప్ప' వంటి ద్విత్వ హల్లులు చివరికి వెళతాయి. ఆ క్రమంలో లెక్క కట్టి ఉంటే నిప్పు పక్కన కొమ్ము నిలిచేది కాదు. కూడికతో పుట్టే 11172లో చాలా అక్షరాలు ఏ మాటలోనూ కనిపించవు కూడా. కంప్యూటర్ అక్షరాలకు 1987 నాటి కొరియా ప్రమాణం 2350 అక్షరాలతోనే సరిపెట్టుకుంది.

నేను నలభై దాటాక, రోజంతా స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చునే ఉద్యోగంలో ఉంటూ కొరియన్ నేర్చుకున్నాను. నాకు ఈ లెక్క బడిలా పనిచేసింది. మాట్లాడడం కోసమే నేర్చుకునే వారికి దీన్ని మొదట్లోనే సిఫారసు చేయలేను, ఎందుకంటే నా ఉచ్చారణ దీనివల్ల ఏమాత్రం మెరుగుపడలేదు. రాత పని ఉన్నవారు, అంకెలంటే ఇష్టమున్నవారు మాత్రం పర్వతంతో మొదలుపెట్టి చూడండి. సాన్ సంఖ్య 49328. దానికి 224 కలిపితే సోన్, అంటే చేయి. చేతికి 12 కలిపితే సోమ్, అంటే దూది.