రెండు సిమ్‌లు: ఆఫీసు, ఇల్లు, ములుగు రోడ్డు

నా ఫోన్లో రెండు కంపెనీల సిమ్‌లున్నాయి. పేర్లెందుకు గానీ, పాతది, కొత్తది అనుకుందాం.

హన్మకొండలో మా ఆఫీసులో రెండూ బాగానే పలుకుతాయి. 5జీ వేగం కొత్తదానిదే, అంతే.

అసలు తేడా కాజీపేటలోని మా ఇంట్లో. కింది పోర్షను, చుట్టూ గోడలు. కొత్త సిమ్ వంటింట్లో అడుగుపెట్టగానే ఒక్క గీతకు పడిపోతుంది. "హలో, హలో" అని నేను అరుస్తుంటే, "వాకిట్లకు పోయి మాట్లాడు బిడ్డా" అంటుంది అమ్మ. పాతదానికి ఆ బాధ లేదు. 5జీకి ఎక్కువగా వాడే 3,500 మెగాహెర్ట్జ్ దరిదాపుల తరంగాలు గోడలు దాటేసరికి నీరసపడతాయి. 700, 900 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీవి లోపలిదాకా వస్తాయి. ఇంటి వైఫైతో వైఫై కాలింగ్ ఆన్ చేశాక కొత్తదీ కొంత దారికొచ్చింది.

163వ జాతీయ రహదారి మీద ములుగు దాకా రెండూ సరే. ఆపై తాడ్వాయి అడవిలో రెండూ చేతులెత్తేస్తాయి, పాతది కాస్త ముందు తేరుకుంటుంది. ఒకసారి అదే దారిలోని పస్రాలో చాయ్ తాగి యూపీఐ కొడితే కొత్తదాని మీద చక్రం తిరుగుతూనే ఉంది. హోటలాయన నా మొహం, నేను ఫోన్ మొహం. చివరికి పాతదాని డేటాతో ఇరవై రూపాయలు వెళ్లాయి.

అందుకే కాల్స్ పాతదాంట్లో, డేటా కొత్తదాంట్లో పెట్టుకున్నాను. నంబరు పోర్ట్ చేసేవాళ్లు, అంటే అదే నంబరుతో కంపెనీ మారేవాళ్లు మాత్రం ముందు వంటింట్లో నిలబడి ఒక కాల్ చేసి చూడండి. మారాక 90 రోజుల దాకా మళ్లీ మారలేరు.