హామ్ రేడియో టవర్: స్టే వైర్లదా, సొంతంగా నిలబడేదా, మిద్దె మీది స్తంభమా?

లైసెన్సు చేతికి రాగానే కొత్త హామ్, అంటే అభిరుచి కోసం ఇంట్లో రేడియో స్టేషన్ నడిపే మనిషి, అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎంత ఎత్తు టవర్ వేయమంటారు?" దానికి జవాబు చెప్పే ముందు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఎవరితో మాట్లాడాలని మీ కోరిక? వేసిన టవర్‌ను ఏటేటా చూసుకునేది ఎవరు? మొదటి ప్రశ్న ఎత్తును తేలుస్తుంది, రెండోది టవర్ రకాన్ని తేలుస్తుంది. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

ముందు ఎత్తు సంగతి. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి తిన్నగా గీత గీస్తే దాదాపు 500 కిలోమీటర్లు. పగటిపూట ఆ దూరానికి 40 మీటర్ల బ్యాండు, అంటే 7 మెగాహెర్ట్జ్, చక్కగా సరిపోతుంది (బ్యాండు పేరులోని మీటర్లు తరంగం పొడవు, టవర్ ఎత్తు కాదు). తరంగం 50 డిగ్రీల కోణంలో పైకి వెళ్లి అయనావరణాన్ని, అంటే రేడియో తరంగాలను కిందికి తిప్పే పై వాతావరణ పొరను, తాకి కిందికి రావాలి. ఆ పనికి 20 మీటర్ల పొడవున్న తీగ డైపోల్ (నడుమ కేబుల్ కలిపిన తీగ యాంటెన్నా) చాలు. దాని నడుమ భాగాన్ని 8 నుంచి 10 మీటర్ల ఎత్తున కట్టి, రెండు కొసలను కిందికి దించితే ఇన్వర్టెడ్ వీ, అంటే తలకిందుల వీ ఆకారం, తయారవుతుంది. కోనసీమలో అయితే పెరట్లో కొబ్బరిచెట్టే అంత ఎత్తు ఇస్తుంది. అదే తీగను 20 మీటర్ల టవర్ మీదికి ఎక్కిస్తే నడినెత్తి వైపు బలం తగ్గి, దూరదేశాల వైపు పెరుగుతుంది. రాజమండ్రి, తిరుపతి, వరంగల్ మిత్రులతో ఉదయం కబుర్లు చెప్పుకోవడమే మీ ఆనందమైతే ఎత్తు మీకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

యూరప్, జపాన్ స్టేషన్లు అందుకోవాలంటే లెక్క మారుతుంది. 20 మీటర్ల బ్యాండులో అడ్డంగా పెట్టిన యాంటెన్నా 10 మీటర్ల ఎత్తున ఉంటే ప్రధాన కిరణం సుమారు 30 డిగ్రీల కోణంలో పైకి పోతుంది. 20 మీటర్ల ఎత్తున ఉంటే 15 డిగ్రీలకు దిగుతుంది. కోణం తగ్గేకొద్దీ తరంగం తక్కువ గెంతులతో ఎక్కువ దూరం వెళ్తుంది. ఇక్కడ ఎత్తుకు నిజమైన ఫలితం ఉంది. దగ్గరి ఊళ్లతో మాట్లాడే వీహెచ్ఎఫ్‌లో, అంటే 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, ఎత్తు ఇచ్చే లాభం అనుకున్నంత ఉండదు. రెండు స్టేషన్ల యాంటెన్నాలూ 10 మీటర్ల ఎత్తున ఉంటే దృష్టిరేఖ, అంటే నేల వంపు అడ్డురాకుండా తరంగం తిన్నగా అందే దూరం, సుమారు 26 కిలోమీటర్లు. మీరొక్కరు 20 మీటర్లకు పెంచుకుంటే అది 31 అవుతుంది. రెట్టింపు ఎత్తు ఎక్కి అయిదు కిలోమీటర్లు సంపాదించడం నాకు లాభంగా కనిపించదు. చుట్టుపక్కల మేడల నెత్తిన ఉంటే చాలు.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఇంట్లో స్టేషన్ నడిపే మనిషికి 10 నుంచి 12 మీటర్ల ఎత్తు సరైనది. ఇప్పుడు మూడు దారులనూ ఆ ఎత్తు దగ్గరే పోల్చి చూద్దాం.

గాలి ఎంత తోస్తుంది

టవర్ బరువు కన్నా దాన్ని పరీక్షించేది గాలి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల ప్రాథమిక గాలివేగాన్ని, విశాఖకు, నెల్లూరుకు 50 మీటర్లను, కర్నూలుకు 39 మీటర్లను సూచిస్తుంది. గంటలకు మార్చి చెప్పుకుంటే హైదరాబాద్‌కు 158 కిలోమీటర్లు, విశాఖకు 180. తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ, గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కొసన ఉన్న యాగీ యాంటెన్నా (ఒకే వైపుకు గురిపెట్టే, అడ్డ కడ్డీల యాంటెన్నా) గాలికి అర చదరపు మీటరు ముఖం చూపిస్తుందనుకుందాం. హైదరాబాద్‌లో దాని మీద పడే తోపు దాదాపు 60 కిలోలు, విశాఖలో 76 కిలోలు. 12 మీటర్ల కొసన 76 కిలోల మనిషి అడ్డంగా వేలాడుతూ లాగుతున్నట్టు లెక్క. టవర్ చువ్వల మీద పడే గాలి దీనికి అదనం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఇంచుమించు ఈ వేగంతోనే వీచింది. మొబైల్ ఫోన్లు మూగబోయాయి. హామ్‌లు అవసరపడేది సరిగ్గా అలాంటి రోజునే. ఆ రోజు మన టవర్ నిలబడి ఉండాలి, లేదా మర్నాడు తిరిగి నిలబెట్టగలిగేలా ఉండాలి. నా ఎంపిక అంతా ఈ మాట మీదే ఆధారపడి ఉంది.

స్టే వైర్ల టవర్

సన్నని మూడు పలకల జాలీ టవర్, లేదా ఒకదాని మీద ఒకటి అమర్చిన జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు. మూడు వైపులా, 120 డిగ్రీల దూరంలో స్టే వైర్లు, అంటే టవర్ పడకుండా నేలకు లాగి కట్టే ఇనుప తీగలు. ఇనుము తక్కువ, పునాది చిన్నది. కరెంటు స్తంభాలకు వాడే ఏడు పోగుల స్టే వైరు, దాన్ని బిగించే మర బిళ్ల అయిన టర్న్‌బకిల్, గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్, నేలలో పాతే రాడ్డు అన్నీ ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. గాలి తోపును వైర్లు మోస్తాయి, టవర్ కిందికి వచ్చే బరువును మాత్రమే మోస్తుంది. ఖర్చు విషయంలో దీన్ని కొట్టేది లేదు.

అడ్డం వచ్చేది స్థలం. 11 మీటర్ల ఎత్తున కట్టిన వైరును టవర్ మొదలు నుంచి 9 మీటర్ల దూరంలో పాతాలి. మూడు వైపులా అలా పాతితే ఒక వైపు పదిహేనున్నర మీటర్లు, ఇంకో వైపు పదమూడున్నర మీటర్ల చోటు కావాలి. మన ఊళ్లలో 200 గజాల స్థలం అంటే సాధారణంగా 30 అడుగులకు 60 అడుగులు. ఆ 30 అడుగులు 9 మీటర్లే. ఇల్లే లేకపోయినా చాలదు. "దగ్గరగా పాతితే సరిపోదా?" అంటారు. ఎత్తులో మూడో వంతు కన్నా దగ్గరగా పాతితే అదే గాలికి వైరు మీద పడే లాగుడు గాలి తోపుకు మూడు రెట్లు దాటుతుంది, టవర్‌ను కిందికి నొక్కే బలమూ అంతే పెరుగుతుంది. కాస్త తగ్గించుకోవచ్చు గాని, ప్రహరీ లోపల ఇరికించాలని చూడకండి. తోట ఉన్నవారికి, పొలంలో ఇల్లు ఉన్నవారికి, కళ్లం ఉన్నవారికి ఇది మొదటి ఎంపిక.

సొంతంగా నిలబడే టవర్

వైర్లు లేవు, నాలుగు గజాల చోటులో ఒదిగిపోతుంది, చూడటానికీ ముచ్చటగా ఉంటుంది. అందుకే అందరి మనసూ దీని మీదికే పోతుంది. కానీ గాలి తోపు మొత్తం మొదట్లో తిరగేసే బలంగా మారుతుంది. పైన చెప్పిన 76 కిలోలు 12 మీటర్ల ఎత్తున ఉంటే మొదట్లో 900 కిలోగ్రామ్-మీటర్లకు పైగా తిరగేసే బలం పుడుతుంది, అదీ యాంటెన్నా ఒక్కదాని వల్లే. దాన్ని ఆపేది కాంక్రీటు బరువు, చుట్టూ ఉన్న మట్టి. మనిషి లోతు గొయ్యి, అందులో ఊచల బుట్ట, కాంక్రీటు, దాని మీద 28 రోజుల క్యూరింగ్. గుంటూరు, కర్నూలు ప్రాంతాల నల్లరేగడిలో మరింత జాగ్రత్త కావాలి. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల అది. స్టే వైర్ల రాడ్లు వదులైతే బిగించుకోవచ్చు, పునాది ఒరిగితే చేసేదేమీ లేదు. స్ట్రక్చరల్ ఇంజినీరు గీసిన బొమ్మ లేకుండా, వెల్డరు చెప్పిన కొలతలతో ఈ టవర్ కట్టించడం ప్రాణాలతో చెలగాటం. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

లోపలి గొట్టాన్ని వించితో (తాడు చుట్టి లాగే చక్రంతో) పైకి లేపే రకం కూడా ఉంది. మన దగ్గర అరుదు. దాని గురించి ఒక్కటే చెబుతాను: పైకి లేచి ఉన్నప్పుడు దాన్ని ఎక్కకూడదు. ఇనుప తాడు తెగితే లోపలి గొట్టం జారి, చువ్వల మధ్య చేతులు, కాళ్లు నలిగిపోతాయి.

మిద్దె మీది స్తంభం

పట్నంలో ఉన్నవారికి మిగిలే దారి ఇది, నిజానికి మంచి దారే. మూడంతస్తుల ఇల్లు 10 మీటర్ల ఎత్తు ముందే ఇచ్చేసింది. దాని మీద 3 మీటర్ల పైపు చాలు. అయితే వైర్లను పిట్టగోడకు కట్టే అలవాటు మానుకోవాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ బట్టలారేసుకునే తాడుకు పనికొస్తుంది, తుఫాను గాలికి కాదు. చాలా ఇళ్ల మిద్దెల మీద, రేపు ఇంకో అంతస్తు వేస్తామన్న ఆశతో వదిలేసిన పిల్లర్ ఊచలు ఉంటాయి. వాటి చుట్టూ చిన్న కాంక్రీటు దిమ్మ పోయించి, అందులో కొక్కెం అమర్చండి. బరువు పిల్లరు ద్వారా పునాదికి దిగుతుంది, శ్లాబుకు రంధ్రం పడదు, వాన నీరు కారదు, ఊచలూ తుప్పు పట్టవు.

పిడుగు నుంచి రక్షించే రాగి పట్టీని ఇంటి లోపలి నుంచి కాక, బయటి గోడ వెంట తిన్నగా నేలలోని ఎర్త్ గొయ్యికి దించాలి. యాంటెన్నా నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ లోహపు తొడుగును కూడా ఇంట్లోకి వచ్చే ముందే ఆ ఎర్త్‌కు కలపాలి. అపార్ట్‌మెంట్‌లో సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మాట మీద వచ్చిన అనుమతి కొత్త అధ్యక్షుడు రాగానే పోతుంది. విమానాశ్రయానికి, వైమానిక దళ స్థావరానికి దగ్గర్లో ఉంటే ఎత్తుకు నిరభ్యంతర పత్రం కావాలేమో ముందే కనుక్కోండి. హైదరాబాద్‌లో బేగంపేట, హకీంపేట, దుండిగల్ పరిసరాలు, విశాఖలో నౌకాదళ విమాన స్థావరం పరిసరాలు అలాంటివి.

దించగలిగేదే మేలు

మూడింటిలో ఏది అని నన్ను నిలదీస్తే, నేను ఎన్నుకునేది మొదటి దాని తోబుట్టువును: మొదట్లో మడతబందు ఉన్న, స్టే వైర్లతో నిలిచే 10 మీటర్ల స్తంభం. దాన్ని నేల మీదికి పడుకోబెట్టి, యాంటెన్నాకు కావలసిన పని చేసి, తిరిగి లేపవచ్చు. ఎవరూ ఎక్కనక్కర్లేదు. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక రోజుల ముందే ఇస్తోంది. ఇద్దరు మనుషులు ఒక పూటలో స్తంభాన్ని దించి కట్టేసుకోగలరు, గాలి తగ్గాక మళ్లీ లేపగలరు. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో హామ్ స్టేషన్ నడుపుతుండగా సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వార్తలు బయటికి పంపింది తాత్కాలికంగా వేసుకున్న ఆ స్టేషన్ నుంచే. త్వరగా లేపుకోగలిగే యాంటెన్నాకు నేను అంత విలువ ఇవ్వడానికి అదొక కారణం.

ఈ స్తంభానికి మూడు కాదు, నాలుగు వైపులా వైర్లు కావాలి. మడతబందుకు అటూ ఇటూ ఉన్న రెండు వైర్లు లేపేటప్పుడు, దించేటప్పుడు స్తంభం పక్కలకు ఒరగకుండా పట్టి ఉంచుతాయి. ఆ రెంటి పాతుడు రాడ్లు మడతబందుకు సరిగ్గా సమాన ఎత్తులో, దాని వరుసలోనే ఉండాలి. ఎగుడుదిగుడు నేలలో ఇది తప్పితే సగం లేచాక ఒక వైరు బిగుసుకుని స్తంభాన్ని వంచేస్తుంది, రెండోది వేలాడుతుంది. నేల పైకి కనబడే మట్టాన్ని నమ్మకుండా నీళ్ల గొట్టంతో లెవెల్ చూసుకోండి.

లాగడానికి మొదట్లో అడ్డంగా ఇంకో పైపు బిగిస్తారు. స్తంభం 50 కిలోలు, కొసన యాంటెన్నా 15 కిలోలు అనుకుందాం. సహాయక పైపు 3.3 మీటర్లుంటే, వించి అంతే దూరంలో ఉంటే, నేల మీంచి లేచే తొలి క్షణంలో తాడు మీద దాదాపు 170 కిలోల లాగుడు ఉంటుంది. మొత్తం బరువు 65 కిలోలే కదా అని నలుగురు కుర్రాళ్లను పిలిచి చేతులతో లాగించేవారు ఈ లెక్క చూడాలి. స్తంభం పైకి లేచేకొద్దీ బరువు తగ్గుతుంది, నిటారు దాటగానే తనంతట తానే అవతలికి పడబోతుంది. అందుకే వెనక వైరును ముందే కట్టి ఉంచాలి.

ఏ రకమైనా తప్పని పని

స్తంభం ఎటు పడినా కరెంటు తీగకు తగలనంత దూరం ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. యాంటెన్నా కొసల పొడవు కూడా ఈ దూరంలో కలుపుకోవాలి.

ఏడాదికి రెండుసార్లు, నైరుతి వానలకు ముందు ఒకసారి, అక్టోబరు తుఫానులకు ముందు ఒకసారి, అంతా తడిమి చూడాలి. స్టే రాడ్డు మట్టిలోకి దిగే చోటే ముందుగా తుప్పు తింటుంది. పైన మెరుస్తూ ఉంటుంది, జానెడు మట్టి తవ్వితే సన్నబడి కనిపిస్తుంది. తీరప్రాంతంలో ఉప్పుగాలికి ఇది మరింత త్వరగా జరుగుతుంది. వైరును తెగే బలంలో పదో వంతు బిగువులో ఉంచాలి. టర్న్‌బకిల్ తనంతట తాను విప్పుకోకుండా దాని కళ్లలోంచి తీగ దూర్చి ముడివేయాలి. యూ ఆకారపు క్లాంపుల్లో వంపు భాగం వైరు పొట్టి కొస మీద, దిమ్మ భాగం బరువు మోసే పొడవైన వైరు మీద ఉండాలి. తిరగేస్తే మోసే వైరే నలిగిపోతుంది. పైపు టవర్ అయితే అడుగున రంధ్రం తెరిచి ఉందో లేదో చూడండి. నీరు నిలిచిన పైపు లోపలి నుంచి కుళ్లుతుంది, బయటి రంగు చూసి మోసపోతాం. కోతులు కేబుల్ లాగేస్తాయి, సంక్రాంతి గాలిపటాల దారం తీగలకు చుట్టుకుంటుంది, తేనెటీగలు పట్టు పెడతాయి. ఇవన్నీ మన దగ్గర తప్పని అతిథులు.

ఎక్కక తప్పని టవర్ అయితే నడుముకు బెల్టు చాలదు. ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు తాళ్లు. ఒకటి తీసే ముందు రెండోది తగిలించాలి. కింద ఒక మనిషి ఉండాలి, ట్రాన్స్‌మిటర్ ప్లగ్ పీకేసి ఉండాలి. ఉరుములు వినబడితే దిగిపోవాలి.

సొంతంగా నిలబడే టవర్ నిజంగా తగిన చోటు ఒకటుంది. ఇంజినీరింగ్ కళాశాల, హామ్ క్లబ్, జిల్లా విపత్తు నిర్వహణ కార్యాలయం లాంటివి. అక్కడ పునాదికి డబ్బు, డిజైన్‌కు ఇంజినీరు, ఏటా తనిఖీకి ఒక బాధ్యుడు ఉంటారు. ఆ బాధ్యుడి పేరు తేలకపోతే అక్కడ కూడా దించగలిగే స్తంభమే అడగండి.