ఏడేళ్లు నరికాక చెప్తున్నా: చేత్తో చేసిన నరుకుడు కత్తికి అంత ధర దేనికి?

ఈ కత్తి చేతికొచ్చిన నెలకే సమీక్ష రాసి ఉంటే ఆకాశానికెత్తేవాణ్ణి. మూడో ఏట రాసి ఉంటే ఒరను నాలుగు తిట్లు తిట్టి ముగించేవాణ్ణి. ఇప్పుడు ఏడేళ్లయింది. దీంతో ఎన్ని కొమ్మలు కొట్టానో, పొయ్యిలోకి ఎన్ని కట్టెలు చీల్చానో లెక్క లేదు, సాన పట్టీ పట్టీ అంచు మధ్యలో దాదాపు 3 మిల్లీమీటర్లు అరిగిపోయింది కూడా.

ముందు వస్తువు సంగతి. చిన్న షెడ్డులో ఒక్కడే కూర్చుని పనిచేసే ఒకాయన చేసింది. బ్లేడు 25 సెంటీమీటర్లు, వెన్ను మందం పిడి దగ్గర ఐదున్నర మిల్లీమీటర్లు, మొన దగ్గరికొచ్చేసరికి 3. బరువు 560 గ్రాములు. ఉక్కు 5160, అంటే బండ్ల కమాను పట్టీలకు వాడే రకం, పిడి మైకార్టా (అదేంటో కింద చెప్తాను). ధర, అదే పొడవున్న ఫ్యాక్టరీ కత్తికి సుమారు ఐదింతలు. అవును, ఐదింతలే. ఇంట్లో ఎవరికీ ఆ అంకె ఇప్పటికీ చెప్పలేదు.

పోల్చడానికి నా దగ్గర ఇంకో రెండున్నాయి. ఒకటి ఆ ఫ్యాక్టరీ కత్తి, దాంతోనే మొదలుపెట్టాను. రెండోది ఇంకో తయారీదారు దగ్గర కొన్న డమాస్కస్ కత్తి, అంటే వేర్వేరు రకాల ఉక్కును పొరలుగా అతికి చేసింది, బ్లేడు మీద నీటి అలల్లా గీతలు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. దాని ధర ఫ్యాక్టరీ కత్తికి తొమ్మిదింతలు. వెన్ను 8 మిల్లీమీటర్లు, బరువు కిలోకి కాస్త తక్కువ. ఫొటోలో చూసి, ఇంత మందముంటే దుంగ రెండు ముక్కలవుతుంది అనుకున్నాను. ఎండిన కొమ్మ మీద మొదటి దెబ్బ వేయగానే కత్తి సగం దిగి ఇరుక్కుంది, పచ్చి కొమ్మ మీదైతే చీల కొట్టినట్టు పక్కలకు నెడుతుందే తప్ప లోపలికి పోదు. ఇరవై నిమిషాలకు మణికట్టు పట్టేసింది.

ఇక్కడే నాకు అర్థమైన మొదటి విషయం, నరకడానికి బరువు కావాలన్నది సగం నిజమే. దెబ్బలో ఉండే శక్తి బరువు రెట్టింపైతే రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది, ఇది బడిలో అందరం చదువుకున్నదే. 560 గ్రాముల కత్తిని నేను విసిరినంత వేగంగా ఆ కిలో దిమ్మెను విసరలేను. పైగా ఆ శక్తి ఎంత లోపలికి దిగుతుందన్నది అంచు వెనకాల ఉక్కు ఎంత పల్చగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నా 5160 కత్తికి అంచు పక్కలు బల్లపరుపుగా కాకుండా కాస్త ఉబ్బుగా వచ్చి చివర కలుస్తాయి, దాన్నే కాన్వెక్స్ అంచు అంటారు. ఆ ఉబ్బు వల్ల చెక్క కత్తిని పట్టి ఉంచదు, దెబ్బ పడగానే పొరను పక్కకు తోసి వదిలేస్తుంది. అంచు కోణం ఒక్కో పక్క 22 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంతకంటే బాగా పలచన చేస్తే ముడి తగలగానే వంగుతుంది, 30కి పోతే గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టినట్టే.

ధర గురించి ఈ 5160 కత్తి చేసినాయన్ని నేను మొదట్లోనే అడిగాను, కాస్త తగ్గించమని. తగ్గించలేదు, కోపమూ తెచ్చుకోలేదు, ఒక కాగితం ముక్క మీద లెక్క రాసి ఫొటో పంపాడు. ఆశ్చర్యమేమిటంటే అందులో ఉక్కు అన్నిటికంటే చిన్న అంకె. దానికంటే గ్రైండరు బెల్టుల ఖర్చే ఎక్కువ, ముతక 36 నంబరు నుంచి సన్నటి 400 దాకా వరసగా మార్చుకుంటూ పోవాలి, గట్టిపడ్డ ఉక్కు వాటిని బిస్కెట్లలా తినేస్తుందట. ఆ తర్వాత పిడి సరుకు, ఒర తోలు, కొలిమి గ్యాసు, నూనె. వీటన్నిటినీ కలిపినా మొత్తం ధరలో మూడో వంతు లేదు. మిగతాదంతా గంటలు. అందులోనూ ఒక గీత గీసి కింద ఇంకో అంకె రాశాడు, పక్కన "పోయినవి" అని. అంటే చల్లబరిచేటప్పుడు వంకరపోయి, పగిలి, చెత్తలోకి పోయిన బ్లేడుల ఖర్చు బతికిన వాటి మీద సర్దుతాడన్నమాట. నాకు ఆ గీత నచ్చింది. చాలామంది అది వేయరు, వేయకపోతే ఏడాదిన్నరలో షెడ్డు మూసేస్తారు.

కొందరు తయారీదారులు అంగుళానికి ఇంత అని ధర కడతారు. నా దృష్టిలో ఇది కొనేవాడికీ చేసేవాడికీ నష్టమే. బ్లేడు 5 సెంటీమీటర్లు పెరిగితే ఉక్కు కొంచెం పెరుగుతుంది, కానీ పిడి పని అంతే, ఒర పని దాదాపు అంతే. ఇంకొకరు పక్కవాడి ధర చూసి దానికి కాస్త తక్కువ పెడతారు, పక్కవాడు ఏ ఖర్చు మరిచిపోయాడో వీళ్లూ అదే మరిచిపోతారు.

పిడి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను పెట్టిన డబ్బులో సగం దీనికే పెట్టాననుకుంటున్నాను. కత్తి మొదలుపెట్టక ముందే ఆయన మెత్తటి చెక్కతో పిడి నమూనా ఒకటి చెక్కి, దానికి బ్లేడంత బరువుండే ఇనప పట్టీ బిగించి పంపాడు. వారం రోజులు గాల్లో, పాత దుంగ మీద ఊరికే విసురు, ఎక్కడ నొప్పి పుడితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టు అన్నాడు. నేను రెండు చోట్ల పెట్టాను. చిటికెన వేలు ఆనే చోట ఒక కొక్కెంలాంటి వంపుంది, చెయ్యి జారకుండా, అది బాగానే ఉంది కానీ దాని లోపలి మూల వేలిని కోసేస్తోంది. రెండోది బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యన, పిడి వెన్ను మరీ చదునుగా ఉండి మూలలు గుచ్చుకుంటున్నాయి. ఆ నమూనాను తిరిగి పంపితే ఆ రెండూ అరగదీసి అసలు పిడి చేశాడు. ఇప్పుడు పిడిని అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, అందుకే కళ్లు మూసుకుని పట్టుకున్నా అంచు ఎటుందో చేతికి తెలుస్తుంది. డమాస్కస్ దాని పిడికి నాలుగు వేళ్లకూ నాలుగు గుంటలున్నాయి, ఫొటోకి బాగుంటుంది, కానీ అవి ఆ చేసినాయన వేళ్లకు సరిపోయిన గుంటలు, నావి కావు. అరగంట నరికితే ఉంగరం వేలి కింద బొబ్బ ఖాయం.

ఇంకో సంగతి, మైకార్టా అంటే గుడ్డ పొరలను రెసిన్‌లో ముంచి అదిమి గట్టిపరిచింది. దాన్ని అద్దంలా మెరిసేట్టు పాలిష్ చేస్తే చెమట చేతికి జారిపోతుంది. ఆయన కావాలనే గరుగ్గా వదిలేశాడు, అలా వదిలితే తడిసినప్పుడు పట్టు ఇంకా బాగుంటుంది. వానలో నరికి చూశాను, నిజమే. మెరుగు పెట్టకపోవడం కూడా డిజైనేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఈ కత్తి పిడి నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు తూగుతుంది. వేలి మీద ఆనించి చూశాను. బరువు ముందుకు రావడానికి మొనకు ఉక్కు అతికించలేదు, పిడి లోపలికి పోయే భాగంలో వరసగా బెజ్జాలు వేసి వెనకాల బరువు తగ్గించాడు, ఉక్కును గట్టిపరచక ముందే. వెన్ను మొన వైపు పలచబడటం వల్ల కొస బరువూ తగ్గింది, దాంతో కత్తి మొత్తం తేలికైంది, తూకం మాత్రం ముందే ఉంది. ఈ బెజ్జాలు పిడి మైకార్టా కింద దాక్కుంటాయి, కొన్నవాడికి జన్మలో కనబడవు. ఫొటో పంపి ఉండకపోతే నాకూ తెలిసేది కాదు.

వేడి పని, అంటే గట్టిపరచడం, మళ్లీ కాస్త మెత్తపరచడం. పాతవాళ్లు పాయనం పెట్టడం అనేది ఇదే. 5160ని 830 డిగ్రీల దగ్గర కాచి నూనెలో ముంచుతారు, అప్పుడది గాజులా పెళుసు. తర్వాత 200 డిగ్రీల దరిదాపుల్లో రెండేసి గంటల చొప్పున రెండుసార్లు కాస్తే పెళుసుదనం పోతుంది. నా కత్తి 57 రాక్‌వెల్ (ఉక్కు గట్టిదనాన్ని కొలిచే లెక్క) దగ్గర ఆగింది. కూరగాయల కత్తి అయితే ఇంకాస్త గట్టిగా ఉండొచ్చు, నరికేదానికి ఇంతే మేలు. రెండో ఏట ఎండిపోయిన కొమ్మలో ముడి మీద వాటంగా కాక పక్కకు పడింది ఒక దెబ్బ. చూస్తే అంచు మీద బియ్యపు గింజంత పొడవున పక్కకు వాలింది, విరగలేదు. అక్కడే ఉక్కు కడ్డీ మీద నాలుగుసార్లు లాగితే లేచి నిలబడింది. ఇదే తప్పు ఫ్యాక్టరీ కత్తితో చేసినప్పుడు అంచు చంద్రవంకలా ఊడిపోయింది, ఆ గుంట పోయేదాకా సాన పట్టడానికి ఒక ఆదివారం పోయింది.

అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అనే సంఘం జర్నీమ్యాన్ (మాస్టరుకి ముందు మెట్టు) హోదాకి పెట్టే పరీక్ష సరదాగా ఉంటుంది. బ్లేడు 10 అంగుళాలు మించకూడదు. వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి, రెండంగుళాలకు నాలుగంగుళాల కొలత చెక్కను పూర్తిగా తెగేలా రెండుసార్లు నరకాలి, ఆ తర్వాత కూడా అదే అంచు చేతి మీద వెంట్రుకలు గొరగాలి, చివరికి బ్లేడును వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. నా కత్తిని వంచే ధైర్యం నాకు లేదు. వెంట్రుకల పరీక్ష మాత్రం చేశాను, ఎడమ చెయ్యి ఇప్పటికీ అక్కడక్కడా బోడిగానే ఉంటుంది.

ఇక తిట్లు. తోలు ఒర అందంగా ఉంది, కుట్టు కూడా గట్టిది, కానీ 5160లో క్రోమియం ఒక శాతం లోపే, కాబట్టి తుప్పు పడుతుంది. తడిసిన కత్తిని తడిసిన తోలులో పెట్టి మూడు రోజులు మరిచిపోయాను, తీసి చూస్తే ఒక పక్కంతా ఎర్రగా చుక్కలు. తప్పు సగం నాదే. మిగతా సగం, బయట తిరిగే కత్తికి నీళ్లు కారిపోయే బెజ్జం కూడా లేని ఒర చేయడం. దీనికి కైడెక్స్ ప్లాస్టిక్ ఒర మేలు, ఇసుక చేరితే బ్లేడు మీద గీతలు పడతాయి నిజమే, కానీ గీతలతో కత్తికి ఏమీ కాదు. ఆ చుక్కల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి.

డమాస్కస్ కత్తి అయితే నాలుగో ఏట పిడి చెక్క ఒక పక్క ఊడొచ్చింది. జిగురు, రెండు సన్నటి పిన్నులు తప్ప లోపల ఏమీ లేవు, నీళ్లు దిగి కింద ఉక్కంతా తుప్పు. చేసినాయనకి రాస్తే మీరు మోటుగా వాడారు అన్నాడు. నరికే కత్తిని నరకడానికి వాడాను బాబూ అని రాసి, తుడిపేసి, పంపకుండా ఊరుకున్నాను. తొమ్మిదింతల ధరలో ఆ అలల గీతలకి ఎన్ని గంటలు పట్టి ఉంటాయో ఊహించగలను, ఆ కష్టం దొంగ కష్టం కాదు. కాకపోతే ఆ గంటలు ఒక్కటీ కొమ్మ దగ్గర నాకు పనికి రాలేదు. గోడకు తగిలించుకునేవాళ్లకు అది మంచి కత్తే.

చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. పెట్టె తెరవగానే కనబడే పాలిష్‌కి డబ్బు అడగడం సులువు, బెజ్జాలకీ, పలచటి అంచుకీ అడగడం కష్టం, నాకు తెలుసు. అందుకే పిడి బిగించక ముందు ఫొటో తీసి పంపండి. ఆ ఒక్క ఫొటో లేకపోతే నేను ఐదింతలు ఇచ్చేవాణ్ణి కాదు.

పోయిన నెల అదే ఆయనకి ఇంకొకటి చెప్పాను, బ్లేడు 20 సెంటీమీటర్లే, వెన్ను నాలుగున్నర మిల్లీమీటర్లు. చిన్నది కదా తగ్గుతుందనుకున్నాను, పాతదాని మీద పావు వంతు పెంచాడు, ఈ ఏడేళ్లలో బెల్టుల ధర ఎంత పెరిగిందో మళ్లీ కాగితం మీద రాసి మరీ. సరే అన్నాను. ఒర మాత్రం వద్దు, నేనే చేసుకుంటానంటే ఆ మేరకు తీసేశాడు. చెక్క నమూనా మొన్ననే వచ్చింది, పెన్సిలు గుర్తు ఈసారి ఒక్కటే పడింది.