బోడోలకు ఏది మేలు: రాష్ట్రమా, కౌన్సిలా?

ఈశాన్యం గురించి ఎప్పుడు రాసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "తెలంగాణ వచ్చింది కదా, బోడోలాండ్ ఎందుకు రాలేదు?" బోడోలు అస్సాంలోని ఒక గిరిజన జాతి. వాళ్ళు అడిగిన ప్రత్యేక రాష్ట్రం బోడోలాండ్, దక్కింది అస్సాంలోనే ఉండే స్వపరిపాలన కౌన్సిల్. మొన్న ఒకాయన ఇంకో ముక్క కూడా కలిపారు. "రాష్ట్రం అడిగి కౌన్సిల్‌తో సరిపెట్టుకోవడమంటే మోసపోవడమే కదా?"

ఆ అనుమానం ఎక్కడిదో నాకు తెలుసు. పెద్దమనుషుల ఒప్పందం, 1958లో వచ్చి 1973లో రద్దయిన తెలంగాణ ప్రాంతీయ సంఘం, ఆ తర్వాత ఆరు సూత్రాలు, 610 జీవో... ఇవన్నీ చూసినవాళ్ళకు కమిటీ, కౌన్సిల్ లాంటి మాటలు చెవికి ఇంపుగా ఉండవు. అయినా బోడోల విషయంలో నా మొగ్గు కౌన్సిల్ వైపే. 1993 నాటి కౌన్సిల్ కాదు, 2003 నాటిది.

ముందు రాష్ట్రం వైపు వాదన చూద్దాం. అది బలహీనమైనదేమీ కాదు. ఆల్ బోడో స్టూడెంట్స్ యూనియన్ 1967 ఫిబ్రవరి 15న కోక్రాఝార్‌లో పుట్టింది. మైదాన గిరిజనుల పార్టీ 'ఉదయాచల్' కావాలని అడగడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. గొడవకు మూలం భూమి. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1947లోనే బెల్టులు, బ్లాకులు అని గీసిపెట్టారు. చట్టం కాగితం మీద ఉంది, భూమి మాత్రం జారిపోతూనే ఉంది. దానికి తోడు భాష గొడవ. బోడో మాధ్యమంలో బడులు మొదలైందే 1963లో. ఏ లిపిలో రాయాలన్న దానిమీద 1974లో పెద్ద ఆందోళన జరిగింది. వాళ్ళు అడిగింది రోమన్ లిపి, చివరికి వచ్చింది దేవనాగరి.

1986లో ఉపేంద్రనాథ్ బ్రహ్మ విద్యార్థి సంఘం అధ్యక్షుడయ్యాడు. 1987 మార్చి 2న ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలైంది. "అస్సాంను ఫిఫ్టీ ఫిఫ్టీ పంచండి" అన్నది నినాదం. ఆయన 1990 మే 1న చనిపోయాడు, అప్పటికి 34 ఏళ్ళే. ఆయన్ని ఇప్పటికీ 'బోడోఫా' అంటారు, బోడోల తండ్రి అని. విద్యార్థి నాయకుడిని జాతి మొత్తం తండ్రిగా చెప్పుకోవడం మన దగ్గర నేనెక్కడా చూడలేదు.

రాష్ట్రం వస్తే పోలీసు చేతికొస్తుంది, అసెంబ్లీ ఉంటుంది, ఢిల్లీ నుంచి డబ్బు నేరుగా వస్తుంది. కౌన్సిల్‌కు ఈ మూడూ లేవు. అందుకే 2013 జూలై 30న తెలంగాణ మీద కాంగ్రెస్ నిర్ణయం ప్రకటించగానే బోడో ప్రాంతంలో ఆందోళన మళ్ళీ రాజుకుంది, రైల్ రోకోలు మొదలయ్యాయి. న్యూ జల్పాయిగురి నుంచి గువాహటి వెళ్ళే మెయిన్ లైన్ మీదే కోక్రాఝార్ ఉంది. అక్కడ పట్టాల మీద కూర్చుంటే ఈశాన్యానికి వెళ్ళే బండ్లన్నీ ఇరుక్కుపోతాయి.

ఇక తేడా దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు విషయం సరిహద్దు గీత. తెలంగాణకు గీత ముందే ఉంది. హైదరాబాద్ స్టేట్‌లోని తెలుగు జిల్లాలేవో 1956కు ముందే అందరికీ తెలుసు. హైదరాబాద్ ఎవరిదని కొట్లాడాం, నీళ్ళ కోసం కొట్లాడాం, ఆఖర్లో పోలవరం ముంపు మండలాల గొడవా వచ్చింది. కానీ ఏ ఊరు తెలంగాణలోకి వస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. బోడోలు చేయాల్సి వచ్చింది అచ్చంగా ఆ పనే.

1993 ఫిబ్రవరి 20న ప్రభుత్వానికీ బోడో నాయకులకూ మధ్య కౌన్సిల్ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, గీత మాత్రం తర్వాత చూద్దామన్నారు. సగానికి సగం లేదా అంతకు మించి గిరిజనులున్న ఊళ్ళు కౌన్సిల్‌లోకి వస్తాయన్నది సూత్రం. బోడో నాయకులు అడిగినవి 3,085 ఊళ్ళు. ప్రభుత్వం ఇస్తానన్నవి 2,570. మిగిలిన 515 ఊళ్ళలో గిరిజనులు చాలినంత మంది లేరంది. భూటాన్ సరిహద్దు వెంట పది కిలోమీటర్ల మేర ఇవ్వబోమంది. కౌన్సిల్‌కు ఎన్నికలు ఒక్కసారీ జరగలేదు. అంతకంటే ఘోరం ఆ 'సగం' సూత్రమే. మా ఊళ్ళో మేం సగం లేకపోతే ఊరు పోతుందని ఎవరికైనా చెప్పి చూడండి, పక్కవాణ్ణి ఏ కంటితో చూస్తాడో. తర్వాతి కొన్నేళ్ళలో బెంగాలీ ముస్లింల మీద, సంథాల్‌ల మీద జరిగిన దాడులను ఆ సూత్రంతో ముడిపెట్టి చూసినవాళ్ళు చాలామంది. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

2003 ఫిబ్రవరి 10 నాటి ఒప్పందం ఈ తప్పును చాలావరకు సరిచేసింది. 3,082 ఊళ్ళు, నాలుగు జిల్లాలు: కోక్రాఝార్, చిరాంగ్, బక్సా, ఉదాల్‌గురి. పది కిలోమీటర్ల పేచీ పోయింది. 1993 కౌన్సిల్ అస్సాం అసెంబ్లీ చేసిన చట్టంతో పుట్టింది. దీన్ని గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఆరో షెడ్యూల్‌లోనే చేర్చారు. అస్సాం రాజధాని దిస్‌పూర్ తలచుకుంటే తీసేసేది కాదు. భూమి, రెవెన్యూ సహా 40 అంశాలు కౌన్సిల్ చేతికొచ్చాయి. అదే ఏడాది 92వ సవరణతో బోడో భాష రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. మీ జేబులోంచి వంద నోటు తీసి వెనక్కి తిప్పండి. పక్కనున్న పట్టీలో పదిహేను భాషలుంటాయి, తెలుగు ఉంది, బోడో ఇంకా లేదు. షెడ్యూల్‌లో చేరడం ఒకటి, నోటెక్కడం ఇంకొకటి.

ఇప్పుడు నన్ను కౌన్సిల్ వైపు తిప్పిన లెక్క. ఈ కౌన్సిల్ ప్రాంతంలో బోడోలు సుమారు ముప్ఫై శాతమే. కోచ్ రాజ్‌బంశీలున్నారు, వాళ్ళకు ఇదే నేల మీద కామతాపూర్ అనే వేరే రాష్ట్రం కావాలి. ముస్లింలున్నారు, నేపాలీలున్నారు. సంథాల్‌లు కూడా ఉన్నారు. జార్ఖండ్‌లో ఎస్టీలైన సంథాల్‌లు అస్సాంలో ఎస్టీలు కారు. కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగే 40 సీట్లలో 30 ఎస్టీలకు రిజర్వు. మామూలు రాష్ట్రంలో ఇంత వాటా దొరకదు, అసెంబ్లీలో ఎస్టీ సీట్లు జనాభా దామాషాలో వస్తాయి. లోక్‌సభలో ఏం జరిగిందో చూశాం కదా. కోక్రాఝార్ ఎస్టీ సీటే అయినా 2014లోనూ 2019లోనూ గెలిచింది బోడో కాని నబ కుమార్ శరణియా, అదీ ఇండిపెండెంట్‌గా. కాబట్టి రాష్ట్రం వస్తే ముఖ్యమంత్రి కుర్చీలో బోడోనే కూర్చుంటాడన్న గ్యారంటీ లేదు. బోడోలు కానివాళ్ళకు ఈ 30 సీట్లు అన్యాయంగా కనిపిస్తాయని తెలుసు. వాళ్ళ కోపం ఉత్తదేమీ కాదు.

కౌన్సిల్ లోపాలు దాచను. డబ్బు దిస్‌పూర్ మీదుగానే రావాలి. 2003లో ఏడాదికి 100 కోట్ల చొప్పున ఐదేళ్ళు ఇస్తామన్నారు. 2020 జనవరి 27 ఒప్పందంలో మూడేళ్ళకు 1,500 కోట్లు అన్నారు. ప్యాకేజీ అంటేనే అడిగి తెచ్చుకునేది. పోలీసు లేకపోవడం ఇంకా పెద్ద లోటు. 2012లో బోడోలకూ బెంగాలీ ముస్లింలకూ మధ్య అల్లర్లు జరిగి లక్షల మంది శిబిరాల పాలైనప్పుడు శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. పోలీసు కౌన్సిల్ చేతిలో ఉంటే ఆపగలిగేదా అంటే, అంత నమ్మకంగా చెప్పలేను.

కేంద్రపాలిత ప్రాంతం చేస్తే పోదా అని కొందరంటారు. పోలీసు దిస్‌పూర్ నుంచి ఢిల్లీకి మారుతుంది, అంతే. గీత సమస్య అలాగే ఉంటుంది.

2020 ఒప్పందంలో నాకు నచ్చింది డబ్బు కాదు. కౌన్సిల్ ప్రాంతం బయట ఉన్న బోడోల కోసం గీతతో పని లేకుండా విడిగా సంక్షేమ మండలి పెట్టారు. అస్సాంలో బోడో సహ అధికార భాష అయ్యింది. ఆ ఒప్పందం మీద విద్యార్థి సంఘం తరఫున సంతకం చేసిన ప్రమోద్ బోరో అదే ఏడాది డిసెంబర్‌లో కౌన్సిల్ అధిపతి అయ్యాడు. 2025 సెప్టెంబర్ ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడింది. 40కి 28 సీట్లు గెలుచుకుని, ఒకప్పుడు తుపాకులు పట్టిన బోడో లిబరేషన్ టైగర్స్‌కు నాయకుడైన హగ్రామా మొహిలారి మళ్ళీ కౌన్సిల్ అధిపతిగా వచ్చాడు. విద్యార్థి నాయకుడు దిగిపోయాడు, మాజీ టైగర్ ఎక్కాడు, రెండూ ఓటుతోనే.