మానని పుండుకు వాక్యూమ్ డ్రెస్సింగ్: పనితనం బాగుంది, సీలే తలనొప్పి

పుండులో స్పాంజి పెట్టి, పైన గాలి చొరకుండా అతుక్కునే ప్లాస్టిక్ షీటు వేసి (అదే సీల్), మెషిన్‌తో లోపలి గాలిని లాగడమే వాక్యూమ్ డ్రెస్సింగ్. రసి లాగేసి, వాపు తగ్గించి, కొత్త కండ పట్టించడంలో ఈ మెషిన్‌కు వంక పెట్టలేం. లాగే ఒత్తిడికి మామూలు సెట్టింగ్ మైనస్ 125 మి.మీ. పాదరసం. నల్ల స్పాంజిని పుండు ఆకారానికే కత్తిరించాలి, అదీ పుండుకు దూరంగా పట్టుకుని. లేకపోతే తునకలు లోపల పడతాయి. స్పాంజిని పుండులో కుక్కకూడదు. ఎన్ని ముక్కలు పెట్టారో పై షీటు మీదే రాసేయండి. చర్మం తడిగా ఉంటే షీటు అంచు లేచిపోయి అలారం మోగుతూనే ఉంటుంది. మడమ దగ్గర, వేళ్ల సందుల్లో మరీ గోల. ఆన్ చేయగానే స్పాంజి ఎండుద్రాక్షలా ముడుచుకుంటేనే సీల్ కుదిరినట్టు. 48-72 గంటలకోసారి మార్చాలి. ఆలస్యమైతే కొత్త కండ స్పాంజిలోకి అల్లుకుపోయి, తీసేటప్పుడు రక్తం వస్తుంది. మెషిన్ 2 గంటలకు మించి ఆగితే స్పాంజి తీసేయాల్సిందే. నల్లగా చచ్చిన కండ మీద, క్యాన్సర్ పుండు మీద మాత్రం పెట్టకూడదు.