మిర్రర్‌లెస్ బాడీ మీద ఏడేళ్లుగా రేంజ్‌ఫైండర్ లెన్సులు

ముందే చెప్పేస్తాను. లైకా ఎం లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం చేసిన లెన్సుల్ని, అద్దం లేని కొత్త డిజిటల్ (మిర్రర్‌లెస్) బాడీకి తగిలించాలంటే: 50, 90 ఎంఎంలైతే కళ్లు మూసుకుని తగిలించుకోండి (ఎంఎం అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పు, అంటే వైడ్). 35 అయితే కాస్త ఆలోచించండి. 21 జోలికి మాత్రం పోకండి. ఈ మూడు ముక్కలు తెలుసుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది. లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టే రింగులు, అంటే అడాప్టర్లు, మూడు మార్చాను, రెండు లెన్సులు అమ్మేసుకున్నాను.

ఈ పిచ్చి మొదలైంది బరువు దగ్గర. నా ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ చిన్నదే. దానికి దొరికే ఆటోఫోకస్ లెన్సులు మాత్రం చిన్నవి కావు. ఉదాహరణకి నికాన్ జెడ్ 50 ఎంఎం ఎఫ్/1.8 బరువు 415 గ్రాములు. జైస్ జెడ్ఎం ప్లానార్ 50 ఎంఎం ఎఫ్/2 అందులో ఇంచుమించు సగం ఉంటుంది, గుప్పిట్లో పట్టేస్తుంది. లోపల మోటారు లేదు, చిప్ లేదు. ఉన్నదల్లా లోహం, గాజు, కాస్త గ్రీజు.

ఈ లెన్సులు కొత్త బాడీలకి ఎలా సరిపోతాయన్నది కూడికలూ తీసివేతలే. 1954లో ఎం3తో పాటు వచ్చిన లైకా ఎం మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్స్ బాడీకి తగులుకునే అమరిక) లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ దాకా 27.8 మిల్లీమీటర్లు. సోనీ ‘ఈ’ (E) మౌంట్‌లో ఆ దూరం 18, నికాన్ జెడ్‌లో 16, కానన్ ఆర్ఎఫ్‌లోనూ ఎల్ మౌంట్‌లోనూ 20. తేడా ఎంతుందో అంత మందం రింగు మధ్యలో పెడితే పని అయిపోతుంది. సోనీకైతే 9.8 మిల్లీమీటర్లు. అందులో అద్దాలేవీ ఉండవు. ఎం మౌంట్ కంటే ముందు కాలపు, 39 ఎంఎం మరతో బిగించే లెన్సులకి ఇంకో మిల్లీమీటరు రింగు అదనం. పాత కానన్ రేంజ్‌ఫైండర్ లెన్సులు, సోవియట్ జూపిటర్లలో చాలా ఈ మర రకమే.

రింగే కదా అని నేను మొదట అన్నిటికంటే చవకది కొన్నాను. అది ఉండాల్సినదానికన్నా కాస్త పలచన. చాలామంది తయారీదారులు కావాలనే అలా చేస్తారు. మందం ఎక్కువైతే ఇన్ఫినిటీ (బాగా దూరపు ఫోకస్) అందదు, కొనేవాళ్లు తిట్టుకుంటారు. తక్కువైతే లెన్స్ ఇన్ఫినిటీ దాటి తిరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. నేను పట్టించుకున్నాను. లెన్స్ మీద చెక్కిన దూరాల స్కేలు చూసి, కన్ను పెట్టకుండానే ఫోకస్ పెట్టేయడం రేంజ్‌ఫైండర్ వాళ్ల పాత అలవాటు. మూడు మీటర్లకి పెట్టి, అపెర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/8కి మూసి, మనిషి ఆ దూరానికి రాగానే నొక్కడమే. నా అడాప్టర్‌తో దూరపు కొండలు స్కేలు మీద ఎనిమిది మీటర్ల దగ్గరే స్పష్టంగా వచ్చేవి. అలాంటప్పుడు ఆ అంకెలు ఉండీ ఏం లాభం? రెండో అడాప్టర్ స్కేలుకి బాగానే కుదిరింది గానీ లెన్స్ పట్టుకుంటే వదులుగా కదిలేది. మూడోది మందంలో సరిగ్గా ఉంది, బిగువుగానూ ఉంది. దాన్ని ఇప్పటిదాకా తియ్యలేదు.

ఇక ఫోకస్ సంగతి. అసలు రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్స్ లోంచి మనం చూడం. పక్కనున్న కిటికీలోంచి రెండు బొమ్మలు కలిపి దూరం కొలుస్తాం. లెన్స్‌కీ బాడీకీ లంకె ఏమాత్రం తప్పినా ఫోటో పోయినట్టే. మిర్రర్‌లెస్‌లో ఆ బాధ లేదు, సెన్సర్ చూసేదే మనమూ చూస్తాం. దీని అసలు లాభం నాకు సోనార్ (జైస్ పాత డిజైన్) తరహా 50 ఎంఎం ఎఫ్/1.5 తగిలించినప్పుడు తెలిసింది. ఆ డిజైన్‌లో అపెర్చర్ మూస్తున్న కొద్దీ ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్ మీద దాన్ని అంచనా వేసి, ఒళ్లు కాస్త ముందుకో వెనక్కో వాల్చి నొక్కేవాళ్లట. నేను ఎఫ్/2.8లో తీయాలనుకుంటే ఎఫ్/2.8లోనే మాగ్నిఫై చేసి ఫోకస్ చేస్తాను, కథ ముగిసింది.

ఫోకస్ పీకింగ్‌ని, అంటే ఫోకస్ పడ్డ అంచుల మీద రంగు గీతలు చూపే సౌకర్యాన్ని, మాత్రం నమ్మను. ఎఫ్/8లో ఫ్రేమంతా ఎర్ర గీతలతో పెళ్లి పందిరిలా వెలిగిపోతుంది, దేని మీద ఫోకస్ ఉందో తెలిసి చావదు. పూర్తిగా తెరిచిన పాత లెన్సుకైతే కాంట్రాస్ట్ తక్కువ కాబట్టి అసలు గీతలే రావు. ఒక బటన్‌కి మాగ్నిఫికేషన్ పెట్టుకోవడమే దారి. కదలని మనిషికి అది చాలు. పరిగెత్తే పిల్లలకి చాలదు. మా పాప ఫోటోలు ఎఫ్/2లో పది తీస్తే మూడు దక్కుతాయి, అదీ అది అలిసిపోయి కూర్చున్నప్పుడు.

దగ్గరి ఫోకస్ ఇంకో సుఖం. రేంజ్‌ఫైండర్ లెన్సులు సాధారణంగా 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి, పాతవి మీటరు దగ్గరే. అడాప్టర్‌లోనే హెలికాయిడ్ (మరతో సాగే గొట్టం) ఉండే రకాలు ఉన్నాయి, తిప్పితే నాలుగు మిల్లీమీటర్లు బయటికి సాగుతుంది. ఒక స్నేహితుడిది తెచ్చి వాడాను. 50 ఎంఎంతో 40 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

90 ఎంఎం దగ్గరైతే కొత్త బాడీ పాతదాన్ని చిత్తుగా ఓడిస్తుంది. రేంజ్‌ఫైండర్ కిటికీలో 90 ఫ్రేమ్ అంటే మధ్యలో తపాలా బిళ్లంత గడి. ఇక్కడ వ్యూఫైండర్ నిండా వస్తుంది. బాడీలోని స్టెబిలైజేషన్ (చేతి ఊపుని సరిదిద్దే ఏర్పాటు) కూడా కలిసొస్తుంది. ఒక్క జాగ్రత్త: లెన్స్‌లో చిప్ లేదు కాబట్టి ఫోకల్ లెంగ్త్ మనమే మెనూలో చెప్పాలి. ఒకసారి 90 అని పెట్టి మరిచిపోయి, మధ్యాహ్నమంతా 35తో తీశాను. కెమెరా లేని ఊపుని కూడా సరిదిద్దబోయి ఫోటోలన్నీ అలికేసింది. తప్పు పూర్తిగా నాదే. లెన్స్ లేకపోయినా షట్టర్ పడాలన్న సెట్టింగు కూడా ముందే ఆన్ చేసుకోండి, లేకపోతే కొన్ని బాడీలు నొక్కినా పలకవు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఫిల్మ్ ముందు గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. డిజిటల్ సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టరూ, పైన కాపాడే పలకా కలిపి ఒక గాజు దొంతర ఉంటుంది. లైకా తన డిజిటల్ ఎం బాడీల్లో దాన్ని మిల్లీమీటరు లోపే ఉంచింది. సోనీలో సుమారు రెండు మిల్లీమీటర్లు, నికాన్ జెడ్‌లో ఈ రెంటికీ మధ్య. కాంతి నిటారుగా వచ్చినంతసేపూ పెద్ద తేడా రాదు. ఏటవాలుగా వచ్చిందా, నీళ్లలో ముంచిన కర్రలా పక్కకి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్‌లో ఊగే అద్దం లేదు కాబట్టి వైడ్ లెన్సుల వెనక గాజుని ఫిల్మ్‌కి ఆనించినంత దగ్గరగా తెచ్చేశారు. వాటి చిన్న సైజుకీ, గీతలు వంగకుండా రావడానికీ కారణం అదే. మూలలకి వెళ్లే కాంతి బాగా వాలిపోవడానికీ అదే కారణం. ఏ సుగుణం చూసి కొన్నానో అదే సెన్సర్ ముందు దోషమైంది.

నా 21 ఎంఎం అచ్చంగా అలాంటి డిజైన్. మొదటి రోజే మూలల్లో చెట్లు తడిచేత్తో తుడిచినట్టు వచ్చాయి. ఎఫ్/11కి మూసినా పూర్తిగా పోలేదు. పైగా అంచుల్లో గులాబీ రంగు. రంగుకైతే మందు ఉంది: అదే వెలుగులో లెన్స్ ముందు తెల్లటి పాలరంగు పలక పెట్టి ఒక ఫోటో తీసి, దాన్ని బట్టి కంప్యూటర్‌లో సరిచేయొచ్చు. వెనకనుంచి వెలుగు పడే బీఎస్ఐ సెన్సర్లున్న బాడీల్లో ఈ రంగు చాలా తగ్గింది. అలుక్కుపోయిన ఆకుల్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు.

సెన్సర్ ముందు గాజు తీయించి పలచటిది వేయించుకునేవాళ్లూ ఉన్నారు. నేనూ ఆలోచించి మానేశాను. ఆ బాడీ కోసం పుట్టిన లెన్సులన్నీ మందం గాజుని లెక్కలో వేసుకుని తయారైనవి, పలచన చేస్తే వాటి మూలలు చెడతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. డిజిటల్‌ని దృష్టిలో పెట్టుకుని మళ్లీ గీసిన వైడ్‌లు వెతుక్కోవడం నయం. వోయిట్‌లెండర్ 15 ఎంఎం ఎఫ్/4.5 హీలియార్ మూడో రూపం అలాంటిదే. పాత రూపాల కన్నా లావైంది, ఆ లావుకి అర్థం ఉంది.

35 ఎంఎం నా దగ్గర ఇంకా ఉంది. మధ్యలో ఫోకస్ చేస్తే మూలలు పోతాయి, మూలల్లో చేస్తే మధ్య మెత్తబడుతుంది. అందుకని దూరపు దృశ్యాలకి మధ్యకీ మూలకీ నడుమ ఎక్కడో ఫోకస్ పెట్టి ఎఫ్/8కి మూస్తాను. మనుషుల్ని తీసేటప్పుడు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, మూలల్లో ఎలాగూ మసకే కదా.

దానంతటదే ముందుకీ వెనక్కీ జరిగి ఆటోఫోకస్ ఇచ్చే అడాప్టర్ కూడా ఒక వారం వాడి చూశాను. మొహాల మీద ఆశ్చర్యంగా పట్టుకుంది. కానీ ఫోకస్ రింగు తిప్పడమే మానేస్తే ఈ లెన్స్ ఎందుకు అనిపించి తిరిగి ఇచ్చేశాను.

పాత లెన్స్ కొనేటప్పుడు చీకట్లో వెనకనుంచి టార్చి వేసి చూడండి. పొగమంచులాంటి పొర కనిపిస్తే, తెరిచిన అపెర్చర్‌లో దీపాల చుట్టూ వెలుగు పూస్తుంది. గొట్టాన్ని లోపలికి నెట్టి మడిచే లెన్సులైతే డిజిటల్ బాడీ మీద నెట్టకండి, వెనక భాగం లోపల తగలొచ్చు. వెనక గాజు బాగా పొడుచుకొచ్చిన జూపిటర్-12 లాంటివాటికి ముందు చోటు కొలుచుకోండి.

21ని ఇంకా ఫిల్మ్ వాడే ఒకాయనకి అమ్మేశాను. రెండు నెలల తర్వాత ఒక స్కాన్ పంపాడు. ఎడమ పై మూలలో ఒక కొమ్మ ఉంది. పెద్దది చేసి చూశాను, ఆకులు లెక్కపెట్టొచ్చు.